సేకరణ మీదే, సమాచారం ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ. "ఏళ్ల తరబడి కూర్చుని పోగుచేశాను, ఎవరో వచ్చి ఒక్క పూటలో ఎత్తుకుపోయారు" అని. అందుకని మిగతా ప్రశ్నలు పై నెలకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తం జాబితాలు, డేటాబేస్‌లు, డిజిటల్ సేకరణల మీదే పెట్టాను. లాయరు కాకముందు నేను పద్నాలుగేళ్లు గ్రంథాలయంలో కేటలాగ్ పని చేశాను. ఒక కార్డు మీద ఒక తేదీ సరిచూడటానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. కింది జవాబుల్లో కొన్ని చేదుగా ఉంటాయి. అవి మీ కష్టాన్ని తక్కువ చేసి రాసినవి కావు. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఊళ్లు తీసేశాను.

ప్రశ్న: పాత గ్రామఫోన్ రికార్డులంటే నాకు ప్రాణం. పదకొండేళ్లుగా రికార్డు నంబరు, పాడినవాళ్లు, కంపెనీ, సంవత్సరం, పాట మొదటి పంక్తి ఎక్సెల్‌లో ఎక్కిస్తూ వచ్చాను. మొత్తం 6,400 రికార్డులు. కొన్నింటికి నా మాటల్లో చిన్న పరిచయాలు కూడా రాశాను. రెండేళ్ల కిందట అందరికీ పనికొస్తుందని వెబ్‌సైట్‌లో పెట్టాను. మొన్న ఒక యాప్‌లో నా జాబితా అంతా కనిపించింది. నా పేరు ఎక్కడా లేదు. నేను చేసిన స్పెల్లింగు తప్పులు కూడా అలాగే ఉన్నాయి. కేసు వేస్తే గెలుస్తానా?

జవాబు: మీ తప్పులు కూడా ఎత్తుకుపోయారన్న మాట చదవగానే నా కేటలాగ్ రోజులు గుర్తొచ్చాయి. నాలుగేళ్లు కూర్చుని పాత పత్రికల వ్యాసాలకు విషయసూచిక తయారు చేశాను. అందులో ఒకచోట సంపుటి 17 అని రాయాల్సింది 71 అని పడింది. కొన్నేళ్లకు వేరే సంస్థ అచ్చువేసిన సూచిక ఒకటి మా లైబ్రరీకి వచ్చింది. తిరగేస్తుంటే అదే వ్యాసం, అదే 71. ఆ పత్రిక 71 సంపుటాలు వచ్చేదాకా బతకనే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చట్టం నా వైపే ఉంటుందని గట్టిగా నమ్మాను. తర్వాత లా చదువుతుండగా ఫైస్ట్ కేసు చేతికొచ్చింది.

అమెరికాలోని కాన్సాస్‌లో రూరల్ అనే టెలిఫోన్ కంపెనీ తన చందాదారుల పేర్లు, ఊళ్లు, నంబర్లతో డైరెక్టరీ వేసేది. ఫైస్ట్ అనే ప్రచురణ సంస్థ పదకొండు టెలిఫోన్ ప్రాంతాలను కలిపి ఒక పెద్ద డైరెక్టరీ తేవాలనుకుంది. రూరల్ ఒక్కటే అనుమతి ఇవ్వనంది. ఫైస్ట్ అయినా తీసుకుంది. ఫైస్ట్ డైరెక్టరీలోని 46,878 ఎంట్రీల్లో 1,309 రూరల్ పుస్తకంలో ఉన్నవే. వాటిలో నాలుగు అసలు లోకంలో లేని మనుషులవి. కాపీ కొట్టినవాళ్లను పట్టుకోవడానికి రూరల్ కావాలని పెట్టిన పేర్లు. కాపీ జరిగిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? అయినా 1991 మార్చి 27న అమెరికా సుప్రీంకోర్టు ఫైస్ట్ పక్షానే తీర్పు చెప్పింది. ఎవరి నంబరు ఏమిటన్నది ఒక వాస్తవం, వాస్తవానికి రచయిత ఉండడు, పేర్లను అక్షరక్రమంలో పేర్చడంలో కొత్త ఆలోచన ఏమీ లేదు, చెమటోడ్చినంత మాత్రాన కాపీరైట్ రాదు అని జస్టిస్ ఓకానర్ రాశారు. ఆ తీర్పు మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు అది సరైనదే అనుకుంటున్నాను. ఎందుకో ఇంకో జవాబులో చెబుతాను.

భారత కాపీరైట్ చట్టం, 1957 సాహిత్య రచనను నిర్వచిస్తూ పట్టికలు, సంకలనాలు, కంప్యూటర్ డేటాబేస్‌లు కూడా అందులోకే వస్తాయంది. అది చూసి చాలామంది "అయితే నా డేటాబేస్‌కు హక్కు వచ్చేసినట్టే" అనుకుంటారు. వచ్చేయదు. 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో మన సుప్రీంకోర్టు ఈ గీత ఎక్కడ గీయాలో చూపించింది. ఆ కంపెనీ సుప్రీంకోర్టు తీర్పులను సరిదిద్ది సంపుటాలుగా వేస్తుంది. వేరేవాళ్లు ఆ తీర్పులను సీడీల్లో పెట్టి అమ్మారు. తీర్పు పాఠం అందరిదీ, కామాలు సరిచేసి, అక్షరదోషాలు దిద్ది, పేర్లు పూర్తిగా రాసినంత మాత్రాన అది మీదైపోదు అంది కోర్టు. కానీ పేరాలు లేని చోట విషయాన్ని బట్టి పేరాలు విడగొట్టి నంబర్లు వేయడం, ఏ జడ్జి ఎవరితో ఏకీభవించారో, ఎక్కడ విభేదించారో తేల్చి రాయడం చట్టం తెలిసినవాళ్లే చేయగల పని కాబట్టి ఆ భాగం మాత్రం కంపెనీదే అంది. అంటే కోర్టు శ్రమను కొలవలేదు. ఆ పనిలో నైపుణ్యం, వివేచన కొంతైనా ఉన్నాయా అని వెతికింది.

ఇప్పుడు మీ ఎక్సెల్ తెరవండి. రికార్డు నంబరు, కంపెనీ, సంవత్సరం, గాయకుల పేర్లు వాస్తవాలు. వాటి మీద మీకు హక్కు లేదు, ఆ యాప్ వాళ్లకూ లేదు. పాట మొదటి పంక్తి రాసింది కవి, మీరు కాదు. మీ పరిచయాలు మాత్రం పూర్తిగా మీవి. ఒక్కొక్కటి రెండు వాక్యాలే అయినా మీవే. రికార్డులను మీ సొంత పద్ధతిలో వర్గాలు చేశారా? ఉదాహరణకు ఒక గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లందరినీ ఒక చోట, రంగస్థలం నుంచి వచ్చినవాళ్లను ఒక చోట పెట్టారా? అలా పెట్టి ఉంటే, ఆ విభజనను వాళ్లు అలాగే దించుకుని ఉంటే, మీ కేసుకు బలం ఉంది. దొరికిన ప్రతి రికార్డునూ నంబరు వరసలో ఎక్కించి ఉంటే బలం తక్కువ.

కాబట్టి ముందు యాప్‌లోంచి మీ పరిచయాలు ఎన్ని దొరుకుతాయో, మీ వర్గాలు ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. తేదీతో స్క్రీన్‌షాట్లు తీయండి. నోటీసులో "నా డేటా దొంగిలించారు" అని రాయకండి. ఆ ఒక్క వాక్యం పట్టుకుని వాళ్ల లాయరు మీకు ఫైస్ట్ పాఠం చెబుతాడు. ఉదాహరణకు, ఫలానా 412 పరిచయాలు నా రచన, తీసేయండి లేదా నా పేరుతో, నా షరతులతో ఉంచండి అని అంకె వేసి అడగండి. మీ తప్పు స్పెల్లింగులు అక్కడ పనికొస్తాయి. కాపీ జరిగిందని అవి రుజువు చేస్తాయి. హక్కు ఉందని మాత్రం అవి రుజువు చేయలేవు. మిగతా జాబితాకు కూడా మీ పేరు వేయమని మర్యాదగా అడగండి. ఇది చట్టంతో పని లేని విన్నపం. నా అనుభవంలో సగం మంది ఒప్పుకుంటారు.

ప్రశ్న: మా డేటాబేస్‌ను కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించకపోతే హక్కు పోతుందా?

జవాబు: పోదు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నింటిలో రచన పుట్టగానే హక్కు పుడుతుంది. రిజిస్టర్ చేయిస్తే కోర్టులో అవతలివాళ్లు తప్పని రుజువు చేసేదాకా చెల్లే సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. అంతకన్నా ముఖ్యమైన పని ఒకటుంది. నెలకోసారి పూర్తి కాపీ తీసి తేదీతో దాచండి. ఏ ఎంట్రీ ఎప్పుడు చేరింది, ఎవరు చేర్చారు అన్నది మీరు చూపించగలిగితే చాలా తగాదాలు కోర్టు గుమ్మం దాకా వెళ్లవు.

ప్రశ్న: మా మిత్రబృందం 1930ల నుంచి 1970ల వరకు వచ్చిన పత్రికల సంచికలు దాదాపు 900 స్కాన్ చేసింది. మరకలు తుడిచాం, వంకర పేజీలు సరిచేశాం, ప్రతి పేజీ మీద మా వాటర్‌మార్క్ వేశాం. ఇంకో వెబ్‌సైట్ అవన్నీ డౌన్‌లోడ్ చేసుకుని, వాటర్‌మార్క్ చెరిపి పెట్టుకుంది. స్కాన్ల మీద కాపీరైట్ మాది కాదా?

జవాబు: మాస్టారూ, ఎదురు ప్రశ్న వేస్తున్నాను, నొచ్చుకోకండి. ఆ సంచికలు స్కాన్ చేసి అందరికీ పెట్టే హక్కు మీకు ఎక్కడిది? భారత చట్టంలో రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. యూరప్ దేశాల్లో 70. బెర్న్ ఒప్పందం కనీసం 50 ఉండాలంటుంది. మన దగ్గర కూడా ఒకప్పుడు 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో ముగుస్తుందనగా దాన్ని అరవైకి పొడిగించారు. పేరు లేకుండా అచ్చయిన రచనకు అచ్చయిన నాటి నుంచి లెక్క. ఒక సంచికలో ఇరవై మంది రాస్తే ఇరవై లెక్కలు. 1934 సంచికలో రాసిన కుర్రవాడు 1990 దాకా బతికి ఉంటే ఆయన కథ ఇంకా హక్కులోనే ఉంది. పత్రిక మూతపడినంత మాత్రాన రచయితల హక్కు మూతపడదు. ముందు మీ 900 సంచికలను ఈ కళ్లతో చూడండి. రచయిత ఎవరో, వారసులు ఎక్కడో ఎంత వెతికినా దొరకకపోతే, లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకునే దారి చట్టం 31-ఎ సెక్షన్‌లో ఉంది. వెతికినట్టు ఆధారాలు మాత్రం దాచుకోవాలి.

ఇక గడువు తీరిన సంచికల సంగతి. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించే కాపీకి కొత్త హక్కు రాదన్నదే ఇప్పుడు బలపడుతున్న అభిప్రాయం. 1999లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు బ్రిడ్జ్‌మన్ కేసులో, పాత వర్ణచిత్రాలకు తీసిన అచ్చుగుద్దినట్టుండే ఫోటోలకు కాపీరైట్ లేదంది. ఎంత నేర్పు కావాల్సి వచ్చినా సరే, నకలు నకలే అంది. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన కాపీరైట్ నిర్దేశం (సభ్యదేశాలు తమ చట్టాల్లో పెట్టుకోవాల్సిన ఆదేశం) 14వ అధికరణంలో చిత్రకళ, శిల్పకళ వంటి వాటి విషయంలో ఇదే మాట రాసిపెట్టింది. ఒక కొత్త సృష్టి జరిగితే తప్ప, గడువు తీరిన కళాకృతి నకలు కూడా అందరిదే. మరకలు తుడవడం గొప్ప సేవ. దాంతో మీరు రచయితలైపోరు.

మీరు ఆ సంచికలకు విషయాల వారీగా సూచిక రాసి ఉంటే, మారుపేర్ల వెనక ఎవరున్నారో తేల్చి ఉంటే, ఏ చర్చ ఏ సంచికలో మొదలై ఎక్కడ ముగిసిందో కలిపి చూపించి ఉంటే, అక్కడ మీ ఆలోచన ఉంది. దాన్ని కాపాడుకోండి.

వాటర్‌మార్క్ గురించి ఒక మాట. చదివే అక్షరం మీద పడేలా ముద్ర వేసిన స్కాన్లు నేను వందలు చూశాను. అరవై ఏళ్ల తర్వాత అసలు కాగితం పొడిగా రాలిపోయాక మిగిలేది ఆ స్కానే. మీ పేరు పేజీ అడుగున మార్జిన్‌లో వేయండి, ఫైలు వివరాల్లో రాయండి. అక్షరం మీద మాత్రం వద్దు. ముద్ర లేని కాపీ ఒకటి కచ్చితంగా విడిగా దాచండి.

ప్రశ్న: ఆరేళ్లు పనిచేసిన కంపెనీలో కస్టమర్ల జాబితా మొత్తం నేనే తయారు చేశాను. మానేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. ఇప్పుడు నోటీసు వచ్చింది. ఒకటే టెన్షన్‌గా ఉంది. నేను చేసింది నాది కాదా?

జవాబు: కాదు బాబూ. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. ఇలాంటి జాబితాకు అసలు కాపీరైట్ ఉందా అన్న దాని మీద ఢిల్లీ హైకోర్టు 1995లో ఒక మెయిల్ ఆర్డర్ కంపెనీ కేసులో ఉందంది. 2018లో ఇంకో కేసులో, వివేచన ఏమీ లేని ఉత్త కస్టమర్ల జాబితాకు లేదంది. రెండోది చదివి ఊపిరి పీల్చుకోకండి. అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి డేటా దింపుకుంటే పరిహారం కట్టాలని సమాచార సాంకేతిక చట్టం, 2000 సెక్షన్ 43 చెబుతోంది. మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో గోప్యత షరతు ఉండే ఉంటుంది. కాపీరైట్ లేకపోయినా ఈ రెండూ చాలు. భయపడి పెన్‌డ్రైవ్ తుడిచేయకండి, సాక్ష్యం చెరిపారంటారు. ఎవరికీ ఇవ్వకండి, వాడకండి. లాయరు ద్వారా తిరిగి అప్పగించి రసీదు తీసుకోండి. ఈ వారమే చేయండి.

ప్రశ్న: నేను యూరప్‌లో పరిశోధక విద్యార్థిని. ఒక సంస్థ ఆన్‌లైన్ డేటాబేస్‌లో పాత నాణేలు దొరికిన చోట్ల వివరాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాస్తవాలకు కాపీరైట్ లేదని చదివాను. సగం డేటా దింపుకుని నా థీసిస్‌లో వాడుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, నువ్వు చదివింది నిజమే. కానీ నువ్వున్న చోట కాపీరైట్‌తో పాటు ఇంకో హక్కు కూడా ఉంది. 1996లో యూరోపియన్ యూనియన్ డేటాబేస్ నిర్దేశం తెచ్చింది. సమాచారం సేకరించడంలో, సరిచూడటంలో, చూపించడంలో గట్టి పెట్టుబడి పెట్టినవాళ్లకు, ఆలోచన కొత్తదైనా కాకపోయినా, 15 ఏళ్ల హక్కు ఇచ్చింది. పెట్టుబడి అంటే డబ్బే కానక్కర్లేదు, మనుషులు, సమయం కూడా. మొత్తాన్ని గానీ, చెప్పుకోదగ్గ భాగాన్ని గానీ వాళ్ల అనుమతి లేకుండా దింపుకోకూడదు. రోజుకు కొంచెం కొంచెం తీసుకుంటే పట్టుబడమనుకుంటారు, పదేపదే అలా తీయడం కూడా కుదరదని అందులోనే ఉంది. కొత్తగా గట్టి పెట్టుబడి పెట్టి పెంచితే 15 ఏళ్లు మళ్లీ మొదలవుతాయి. ఈ హక్కు యూరోపియన్ యూనియన్ పౌరులకు, అక్కడ స్థిరపడినవాళ్లకు, అక్కడి సంస్థలకే. మన గ్రామఫోన్ మిత్రుడికి రాదు.

నేను ముందు ఫైస్ట్ తీర్పు సరైనదే అన్నానే, దానికి కారణం ఇక్కడ బాగా కనిపిస్తుంది. బ్రిటిష్ హార్స్‌రేసింగ్ బోర్డు దగ్గర గుర్రాల వివరాలు, పందేల జాబితాలు ఉన్న పెద్ద డేటాబేస్ ఉండేది. దాన్ని నడపడానికి ఏడాదికి సుమారు 40 లక్షల పౌండ్లు ఖర్చయ్యేది. పందేలు కట్టించుకునే విలియం హిల్ కంపెనీ ఆ రోజు ఏ పందెంలో ఏ గుర్రాలు పరుగెత్తుతాయో తన వెబ్‌సైట్‌లో పెట్టింది. 2004 నవంబరు 9న యూరప్ న్యాయస్థానం బోర్డుకు వ్యతిరేకంగా చెప్పింది. పందెం జాబితాను బోర్డే పుట్టిస్తుంది, పుట్టించడానికి పెట్టిన ఖర్చు లెక్కలోకి రాదు, బయట ఉన్న సమాచారాన్ని వెతికి తెచ్చి సరిచూసిన ఖర్చే లెక్క అంది. ఆలోచించి చూడు. ఆ జాబితా బోర్డు దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. దానికి తాళం వేస్తే రేపు ఏ గుర్రం పరుగెత్తుతుందో చెప్పడానికి కూడా అనుమతి అడగాలి. రైలు వేళలు, వర్షపాతం, పరీక్షా ఫలితాలు అన్నీ ఇదే దారి పడతాయి. నా సంపుటి 71 దొంగతనం నన్ను ఎంత బాధపెట్టినా, వ్యాసం ఏ సంపుటిలో ఉందో చెప్పే హక్కు ఒక్కరి చేతిలో ఉండటం నాకు ఇష్టం లేదు.

ఇంకోటి. యూరోపియన్ కమిషన్ తానే 2005లో ఈ చట్టాన్ని సమీక్షించుకుని, దీనివల్ల డేటాబేస్‌ల తయారీ పెరిగిందనడానికి రుజువు దొరకలేదని ఒప్పుకుంది. అయినా చట్టం అలాగే ఉంది. 2021లో లాత్వియా ఉద్యోగ ప్రకటనల కేసులో మాత్రం న్యాయస్థానం కొంచెం సడలించింది. డేటా తీయడం వల్ల తయారుచేసినవాళ్ల పెట్టుబడికి దెబ్బ తగులుతుందా అని చూడాలంది.

నీ విషయానికొస్తే, నీ విశ్వవిద్యాలయం పరిశోధన సంస్థ కాబట్టి 2019 నిర్దేశం 3వ అధికరణం నీకు అండ. చట్టబద్ధంగా నీకు అందుబాటులో ఉన్న డేటాను శాస్త్రీయ పరిశోధనలో కంప్యూటర్‌తో విశ్లేషించడానికి కాపీ చేసుకోవచ్చు. విశ్లేషించు, ఫలితాలు రాయి. ఆ సగం డేటాను అలాగే అనుబంధంగా ప్రచురించడం వేరే సంగతి, దానికి అడగాలి. అడుగుతూ ఉత్తరం రాయి. నాణేల డేటా పోగుచేసేవాళ్లు పరిశోధకుడు అడిగితే సంతోషిస్తారు.

ప్రశ్న: నా నిఘంటువు వెబ్‌సైట్‌లో 22,000 మాటలు, నేనే రాసిన ఉదాహరణ వాక్యాలు ఉన్నాయి. రాత్రింబవళ్లు ఏవేవో బాట్లు వచ్చి తోడేస్తున్నాయి. సైట్ పడిపోతోంది. ఏఐ శిక్షణ కోసమట. ఆపే దారి ఉందా?

జవాబు: మాటలు ఎవరివీ కావు, మీ ఉదాహరణ వాక్యాలు మాత్రం కచ్చితంగా మీవి. అంటే మీది గ్రామఫోన్ జాబితా కన్నా బలమైన సేకరణ. శిక్షణకు వాడుకోవడం సరైనదా కాదా అన్నది చాలా దేశాల కోర్టుల్లో ఇంకా నలుగుతోంది. యూరప్‌లో అదే 2019 నిర్దేశం 4వ అధికరణం ఒక పద్ధతి పెట్టింది. ఎవరైనా విశ్లేషణ కోసం కాపీ చేసుకోవచ్చు, కానీ హక్కుదారు యంత్రం చదవగలిగే విధంగా "వద్దు" అని రాస్తే ఆ వీలు ఉండదు. 2024 సెప్టెంబరులో హాంబర్గ్ కోర్టు ఒక ఫోటోగ్రాఫరు వేసిన కేసు కొట్టేసింది. చిత్రాల డేటాసెట్ తయారు చేసిన లయన్ అనే సంస్థ చేసింది శాస్త్రీయ పరిశోధన కిందికి వస్తుందంది. అలాంటి పరిశోధనను మీ మాట ఆపలేకపోవచ్చు, మిగతావాళ్లను ఆపడానికి, ఏం తీసుకోవచ్చో బాట్లకు చెప్పే రోబోట్స్ ఫైల్‌లో ఇవాళే "వద్దు" అని రాయండి, వాడకం షరతుల్లోనూ రాయండి.

షరతులకు అనుకున్న దానికన్నా బలం ఉంటుంది. 2015లో రయనైర్ అనే విమాన సంస్థ కేసులో యూరప్ న్యాయస్థానం ఒక ఆశ్చర్యకరమైన మాట చెప్పింది. ఏ చట్టం కిందా రక్షణ లేని డేటాబేస్‌కు కూడా యజమాని ఒప్పందంతో కట్టుబాట్లు పెట్టుకోవచ్చు. 1996 డేటాబేస్ నిర్దేశం వాడుకరులకు ఇచ్చే మినహాయింపులు కూడా అక్కడ వర్తించవు. అంటే రక్షణ లేనిదానికే కొన్నిసార్లు ఎక్కువ తాళాలు వేయొచ్చు. ఇది నాకు నచ్చదు కానీ మీకు పనికొస్తుంది. అయితే షరతు ఒప్పందం కావాలంటే అవతలివాళ్లు దాన్ని చూసి ఒప్పుకున్నట్టు ఉండాలి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెట్టి వదిలేస్తే నిలబడటం కష్టం.

సైట్ పడిపోకుండా ఉండటానికి చట్టం కాని దారి ఒకటి చెబుతాను. మాటలు, అర్థాలు మాత్రం ఉన్న పూర్తి ఫైలును మూడు నెలలకోసారి మీరే డౌన్‌లోడ్‌కు పెట్టండి, లైసెన్స్ స్పష్టంగా రాసి. వికీపీడియా ఇలా మొత్తం డేటాను ఒకే మూటగా ఇస్తుంది. తేలిగ్గా దొరికేది ఉంటే అన్ని బాట్లూ కాకపోయినా కొన్ని పేజీ పేజీ తోడటం మానేస్తాయి. ఉదాహరణ వాక్యాలు ఆ మూటలో పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ప్రశ్న: నా దగ్గర వేలమంది పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న జాబితా ఉంది. దాని మీద కాపీరైట్ తీసుకుని అమ్ముకోవచ్చా?

జవాబు: వద్దు. ఇది కాపీరైట్ సంగతే కాదు. ఆ నంబర్లు ఆ మనుషులవి. భారత్‌లో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, యూరప్‌లో 2018 మే నుంచి అమలవుతున్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా చట్టం ఉన్నవి ఇలాంటి బేరాలను అడ్డుకోవడానికే.

ప్రశ్న: నలభై మందిమి కలిసి పక్షులను చూసి రాసిపెడుతున్నాం. ఏ పక్షి, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని. లక్ష నమోదులు దాటాయి. ఇప్పుడు ఓపెన్ డేటాగా పెడదామంటే ఒకరిద్దరు "నా నమోదులు నావి" అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఈ మాట మొదటి రోజే మాట్లాడుకోవాల్సింది. కానీ మీరు ఒంటరివాళ్లు కారు. అందరూ కలిసి ప్రపంచ పటం గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్లు కూడా 2012 సెప్టెంబరులో క్రియేటివ్ కామన్స్ (ఏ షరతులతో ఎవరైనా వాడుకోవచ్చో ముందే చెప్పే) లైసెన్స్ నుంచి ఓపెన్ డేటాబేస్ లైసెన్స్‌కు మారేటప్పుడు అప్పటిదాకా పటం గీసిన ప్రతి ఒక్కరినీ ఒప్పుకుంటారా అని అడగాల్సి వచ్చింది. ఒప్పుకోనివాళ్లు గీసినవి తీసేయాల్సి వచ్చింది. ఏళ్ల కష్టం కొన్ని చోట్ల ఖాళీ అయింది.

ఫలానా రోజు ఫలానా చోట మూడు పక్షులు కనబడ్డాయన్నది వాస్తవం. ఒక్కొక్క నమోదు మీద ఆ సభ్యులకు కాపీరైట్ దాదాపు ఉండదు. ఫోటోలకు, రాసిన వర్ణనలకు ఉంటుంది. చట్టం అలా చెప్పింది కదా అని వాళ్ల మాట తోసేసి పెట్టేయకండి. తెల్లవారుజామున లేచి చూసింది వాళ్లు. కూర్చుని మాట్లాడండి. ఎవరు చూశారో పేరు ఉంటుంది అంటే చాలామంది మెత్తబడతారు. ఇష్టం లేనివాళ్ల ఫోటోలు పక్కన పెట్టండి.

లైసెన్స్ విషయంలో నా సలహా, నమోదులకు సీసీ జీరో. అంటే ఏ షరతూ లేదు. పరిశోధకుడు పది డేటాసెట్లు కలిపితే పది షరతులు చిక్కుపడతాయి. యూరప్‌లోని గ్రంథాలయాలు, మ్యూజియంల వస్తువులను ఒకచోట చూపించే యూరోపియానా 2012లో తన జాబితాల వివరాలన్నీ సీసీ జీరో కింద వదిలింది. పేరు చెప్పాల్సిందే, కలిపి పెంచినవాళ్లు కూడా ఓపెన్‌గానే ఉంచాల్సిందే అనుకుంటే ఓపెన్ డేటాబేస్ లైసెన్స్ తీసుకోండి. క్రియేటివ్ కామన్స్ అయితే 2013లో వచ్చిన 4.0 వాడండి, అంతకుముందువి కాదు. అది యూరప్ డేటాబేస్ హక్కును కూడా స్పష్టంగా లెక్కలోకి తీసుకుని రాసింది. అరుదైన పక్షుల గూళ్లు ఉన్న చోట్లు మాత్రం ఏ లైసెన్స్ కిందా కచ్చితంగా పెట్టకండి.

ప్రశ్న: అమ్మా, మా నాన్నగారు ముప్పై ఏళ్లు మాటలు పోగుచేశారు. 31 చెక్క డబ్బాలు, ఒక్కో దాంట్లో సుమారు వెయ్యి కార్డులు. మాట, అర్థం, ఎవరి నోట విన్నారో, ఏ రోజు విన్నారో. అక్షరక్రమంలో లేవు, ఎందుకలా పెట్టారో మాకు తెలియదు. ఆయన పోయి మూడేళ్లు. ఒక సంస్థ "మాకిచ్చేయండి, డిజిటల్ చేసి అక్షరక్రమంలో పెడతాం" అంటూ ఒక కాగితం మీద సంతకం అడుగుతోంది. అన్నయ్య పెట్టేద్దామంటాడు. నాకు భయంగా ఉంది.

జవాబు: తల్లీ, మీ భయం సరైనదే, సంస్థ చెడ్డదని కాదు. ఆ హక్కు ఇప్పుడు మీ నాన్నగారి వారసులందరిదీ. వీలునామా లేకపోతే మీ అన్నయ్య ఒక్కరి సంతకం చాలదు. ఆయన బతికుండగా అచ్చయి ఉంటే ఆయన పోయిన తర్వాతి సంవత్సరం నుంచి, అచ్చు కాకపోయి ఉంటే మొదటిసారి ప్రచురించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. మాటలు అందరివీ, అర్థం రాసిన తీరు, కార్డులు పేర్చిన తీరు ఆయనవి.

కాగితంలో "హక్కులు బదిలీ" అని ఉందో "లైసెన్స్" అని ఉందో చూడండి. బదిలీ అయితే ఏ రచన, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం అన్నది రాతలో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే మన చట్టం అయిదేళ్లనే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. "శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని హక్కులూ" అని ఉంటే పెట్టకండి. వాళ్లకు కావలసింది స్కాన్ చేసి చూపించడానికి అనుమతే కదా. మీ హక్కు మీ దగ్గరే ఉంచుకుని, ఇంకెవరికైనా కూడా ఇచ్చుకునే వీలుతో లైసెన్స్ ఇవ్వండి. ప్రతి స్కాన్ ఒక కాపీ మీకు ఇవ్వాలని, కార్డులు తిరిగి రావాలని, నాన్నగారి పేరు ప్రతి పేజీలో ఉండాలని రాయించండి. కార్డుల మీద ఉన్న మనుషుల పేర్లు బయట పెట్టాలా వద్దా అన్నది కూడా మాట్లాడుకోండి, వాళ్లలో బతికి ఉన్నవాళ్లు ఉండొచ్చు.

అక్షరక్రమం అంటున్నారే, అక్కడ నాకు గుండె గుభేలుమంది. ముప్పై ఏళ్లు కార్డులు రాసిన మనిషికి అక్షరక్రమం తెలియక కాదు. బహుశా ఒక్కో వృత్తి మాటలు ఒక్కో డబ్బాలో పెట్టి ఉంటారు, లేదా ఒకే మనిషి నోట విన్నవన్నీ ఒక చోట ఉంచారేమో. నేను కేటలాగ్‌లో ఉండగా ఒక పండితుడి కార్డులు ఇలాగే వచ్చాయి. మేమంతా కలిసి వారంలో చక్కగా అక్షరక్రమంలో సర్దేశాం. తర్వాత ఆయన డైరీ దొరికితే తెలిసింది, ప్రతి డబ్బా ఒక ప్రయాణం అని. ఏ మాట ఏ ప్రయాణంలో దొరికిందో మళ్లీ ఎవరూ కలపలేకపోయారు. కంప్యూటర్‌లోకి ఎక్కాక అక్షరక్రమం ఒక్క మీటతో వస్తుంది. నాన్నగారి వరస పోతే రాదు.

సంతకం సంగతి తేలేలోపు మీరు, అన్నయ్య కూర్చుని ఒక పని చేయండి. మూత తీయగానే ప్రతి డబ్బాకు ఫోటో తీయండి. డబ్బా మీద, మధ్యలో ఉన్న చీటీల మీద ఏం రాసి ఉందో అలాగే ఎత్తి రాసుకోండి. తర్వాత ఒక్క కార్డు కూడా బయటికి తీయకముందే, మెత్తటి పెన్సిలుతో వెనకవైపు మూల డబ్బా నంబరు, కార్డు వరస నంబరు వేయండి. 1-1 నుంచి మొదలుపెట్టండి.